పిడికెడు తక్కువ

పట్నంలో నాలుగాటలకే ఎత్తేశారు దాన్ని.
తొమ్మిది డబ్బాలూ నా లారీలోకి విసిరి
"కొండల మీద గొర్రెలకు చూపించుకో, శామెన్" అన్నారు.

సోన్‌కుల్ సరస్సు దగ్గర, వేసవి మేతల్లో
రెండు ఉన్ని గుడారాల మధ్య దుప్పటి బిగించాను.
గొర్రెలు రాలేదు.
గుర్రాలొచ్చాయి, వాటి మీద మనుషులొచ్చారు.
ఎవరూ దిగలేదు.
జీనుల మీదే కూర్చుని చూశారు.

కథంటారా, చిటికెడు.
మంచు కనుమకు అవతల ఒక కరువు ఊరు.
విత్తనాల గోధుమ ఒక సంచి తూచి, చీటీ రాసి
ఒకడికి అప్పజెప్పి పంపుతారు.
వాడిదొక కుమ్మైతు ఆడగుర్రం.
పంచకళ్యాణి కాదు. ఎగరదు, మెరవదు.
ఎడమ చెవి కొస ఏనాడో చలికి రాలిపోయింది.
గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదంటారు కదా,
ఇక్కడ దాణా వీపు మీదే ఉంది,
కళ్ళున్న గుర్రం పస్తుంది.

తోడేళ్ళున్నాయి. తెగే వంతెన ఉంది.
మావాళ్ళు దగ్గను కూడా దగ్గలేదు.
కానీ ఎగువలో రౌతు దిగి,
జీను పట్టీ వదులు చేసి,
డెక్కల్లో గడ్డకట్టిన మంచును చాకుతో గీకుతుంటే
"ఆఁ" అంది బురుల్ అవ్వ.
నలభై ఏళ్ళు గుర్రాలకు పురుళ్ళు పోసిన మనిషి.
"ఈ సినిమా తీసినవాడెవడో
చలిలో గుర్రం పక్కన పడుకున్నవాడే."
అంతకన్నా పెద్ద బిరుదు నేనెరగను.

ఏడో రీలు.
సంచి ముడి విప్పుతాడు. ఒక్క పిడికిలి.
వాడి ముఖం చూపించరు.
అరచేతిలో గింజ గింజా ఏరుకునే
ఆ మెత్తటి పెదవులే.
సంగీతం లేదు, నమిలే చప్పుడు.
ఆ చప్పుడికి
తెర ముందు నిలబడ్డ గుర్రాలన్నీ
ఒక్కసారి చెవులు నిక్కించాయి.

ఊళ్ళో తక్కెడ పట్టింది
బుగ్గలు లోపలికి పోయిన ఒక అమ్మాయి.
"పిడికెడు తక్కువ."
"నేనే" అంటాడు.
గుర్రం మాట ఎత్తడు.
ఆమె వాడి భుజం మీదుగా చూస్తుంది,
పెదవి మూల అంటుకున్న పొట్టు వైపు.
చీటీ మీద 'సరి' అని రాస్తుంది.
అంతే, దీపం ఆరిపోతుంది.

పిడికెడు గోధుమలకు రెండున్నర గంటలా అని
పట్నంలో నవ్వారట.
ఇక్కడ చప్పట్లు కూడా లేవు.
చీకట్లో ఒక్కొక్కరే దిగి
కళ్ళేలు పట్టుకుని
నడిచి ఇళ్ళకు పోయారు.

నిరుడు పట్నం నుంచి ఉత్తరం,
డబ్బాలు తిప్పి పంపమని.
పంపాను.
ఒకటి తక్కువొచ్చిందని మళ్ళీ రాశారు.
జవాబు ఒక్క మాటే,
ఇంకా పోస్టులో వెయ్యలేదు.