ఇరవై నాలుగు

అన్నీ తప్పులే పెట్టి వచ్చినా
నాలుగు వందల డెబ్బై రెండు వేస్తారు ఆ పరీక్షలో.
నాకు వచ్చింది నాలుగు వందల తొంభై ఆరు.
అంటే నేను సొంతంగా సంపాదించుకున్నది
ఇరవై నాలుగు.

ఈ లెక్క నాన్నకి తెలీదు.
ఐదొందల ఇరవై ఎనిమిదికి నాలుగొందల తొంభై ఆరు అని విని
బంగాళాదుంపల గోదాములో
కాటా దగ్గర నిలబడ్డ ప్రతివాడికీ చెప్పుకున్నాడు.
ఆదివారం చర్చి మెట్ల మీద
ముసలి మదాం పెల్టియే నా చెయ్యి పట్టుకుని
తన మోకాళ్ళ సంగతి ఎత్తింది,
నేనప్పుడే డాక్టర్నైపోయినట్టు.
వంగి, మోకాలు నొక్కి చూశాను.
ఎవరినీ సరిదిద్దలేదు.

ఫోర్ట్ కెంట్‌లో నవంబరు నెల, సాయంత్రం నాలుగింటికే చీకటి.
నది అవతల కెనడా దీపాలు.
అంబులెన్సు షెడ్డులో హీటరు పక్కన
ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని దరఖాస్తు నింపుతున్నా.
పేరు, కొరీన్ ఉలెట్. వయసు, ఇరవై ఏడు.
తర్వాత ఒక గడి:
మీ మార్కుల గురించి చెప్పుకోవలసింది ఏమైనా ఉందా?

రాత్రి డ్యూటీలు, అని రాశాను.
చెరిపేశాను.
పరీక్ష హాలు నాలుగు గంటల దూరం,
దారంతా మంచు, ముందురోజు కునుకు లేదు, అని రాశాను.
నిజమే.
అదీ చెరిపేశాను.
అదే మంచులో కారు నడుపుకొచ్చిన పక్కసీటు కుర్రాడు
విరామంలో నారింజ ఒలుచుకుంటూ
ఈల వేశాడు మరి.

లూసియన్ అంటాడు,
ప్రాణం పోతున్నవాడు నీ మార్కులడగడే పిల్లా, అని.
ఇరవై రెండేళ్ళుగా ఈ బండిలో ఉన్నాడు,
ఆ మాట అనే హక్కు ఆయనకుంది.
నమ్మే హక్కు నాకు లేదు.
అంకె అబద్ధమని కాదు నా భయం.
నిజమేమోనని.

పోయిన మార్చిలో
లాంగ్ లేక్ ఒడ్డున ఒక ఇంట్లో
నాలుగేళ్ళ పాప, ఆగని ఫిట్స్.
బరువెంతమ్మా అంటే ముప్పై ఆరంది తల్లి.
పౌన్లు.
నేను కిలోలనుకున్నాను.
సిరంజిలోకి మందు లాగాను. చెయ్యి వణకలేదు.
అది తలుచుకుంటేనే ఇప్పుడు వణుకు.
లూసియన్ పల్లెత్తు మాట అనలేదు,
సిరంజి నా వేళ్ళలోంచి తీసుకుని
సగానికి పైగా గుడ్డలోకి వదిలేసి
మిగిలింది ఇచ్చాడు.
వేసవిలో ఆ పాప
సైకిలు మీంచి నాకు చెయ్యి ఊపింది.
నేనూ ఊపాను.

పరీక్షలో అలాంటిదే ఒకటి వచ్చింది,
కొలతలు మార్చే లెక్క.
గడియారం మెడ మీద ఊపిరి విడుస్తుంటే
నాలుగింట్లో ఏదో ఒకటి నొక్కేశాను.
ఏది నొక్కానో గుర్తులేదు.
ముప్పై ఆరు మాత్రం గుర్తుంది.

అర్ధరాత్రి దాటాక రేడియో.
సెయింట్ ఫ్రాన్సిస్ దారిలో గుండెనొప్పి.
అదెలార్ సీర్, డెబ్బై ఒకటి,
వంటింటి కుర్చీలో చెమటలు కక్కుతూ,
ఒక కాలికి బూటు, ఒక కాలికి మేజోడు.
బరువెంత తాతా?
నూట తొంభై.
పౌన్లా, కిలోలా?
అంత నొప్పిలోనూ ఆయనకి నవ్వొచ్చింది,
నేనేమన్నా ఎద్దునా?
నవ్వకండి, చెప్పండి.
పౌన్లేనమ్మా.
బండెక్కించాక మళ్ళీ అడిగాను.
లూసియన్ అద్దంలోంచి చూశాడు,
పల్లెత్తు మాట అనలేదు.

తిరిగొచ్చేసరికి తెర ఆరిపోయి ఉంది.
మీట నొక్కితే గడి తెరుచుకుంది, ఖాళీగా,
లోపల ఆ నిలువుగీత కొట్టుకుంటూ.
ఏప్రిల్లో మళ్ళీ పరీక్ష ఉంది.
రుసుము నా రెండు వారాల కిరాణా.
అది కడతాను, అదో లెక్క కాదు.
అంత బాగా వస్తే మళ్ళీ ఎందుకు రాస్తున్నావని
నాన్న అడుగుతాడు.
అప్పుడాయన్ని కాటా దగ్గర కూర్చోబెట్టి
చెప్పాలి,
నాలుగు వందల డెబ్బై రెండు దగ్గర
మొదలుపెట్టి.