జీరో చూస్కో

"జీరో చూస్కో అన్నా" అంటడు
క్లాక్ టవర్ కాడి బంకుల పోరడు.
చూస్త.
సున్న మీదికెల్లి రూపాయలు ఉరుకుతయి,
వాటెనక లీటర్లు కుంటుకుంట నడుస్తయి.
నూటయాభైకి పోయించిన.
అండ్ల నూనె ఎంతో, సర్కారు ఎంతో
ఆ పైపుకు తెల్వది, నాకు అసలే తెల్వది.

నా టీవీఎస్ మీద ముందట ఒక బస్తా, ఎనక రెండు,
కనగల్ తోటల బత్తాయి.
బత్తాయితో పాటు రోడ్డును గూడ
చుక్క చుక్క మోసుకుంట వచ్చిన
ఇరవై రెండేండ్లు.

కల్వర్టు దాటంగనే గుంత.
నేను కాలు ఆనిచ్చి దాటుత.
ఆ పొద్దు నా ఎనకనే సప్పుడు లేకుంట వచ్చింది
పచ్చ నెంబరు పలక పెద్ద కారు,
పాల గిన్నె కాడికి పిల్లి వచ్చినట్టు.
రెండు టన్నులు ఉంటదంట,
కింద అంత బ్యాటరీనేనంట.
గుంతల పడి లేస్తే
అంచు కంకర ఇంకింత ఊడింది.
దాని రోడ్డు పన్ను సున్న.

మార్కెట్ల కాంటా మీద
బస్తా రంగు చూసి తూకం రాయరు గద!

గట్టిగనే అడుగుదామనుకున్న.
ఎవల్ని అడగాల్నో గూడ అనుకున్న.
అంతల అందాలు వచ్చింది, నా తమ్ముని బిడ్డ.
సంఘంల అప్పు దీసి కరెంటు ఆటో కొన్నది.
పెద్దాసుపత్రి ముందట నిలబెడితే
దమ్ము రోగులు గూడ దగ్గరట.
కాయితం నా ముందట పరిచి నవ్వింది:
"పన్ను కాడ జీరో చూస్కో పెద్దబాపూ!"

ఆ సున్న ఆమెకు రెండు కిస్తీలు.
కారు సున్న, ఆటో సున్న
ఒక్క తీరుగనే గుండ్రంగున్నయి.
నా మాట నోట్లెనే ఉండిపోయింది.

నా పొగ నాది. కట్టుమంటే కడ్త.
బంకు పోరడు పొద్దంత దాన్నే పీలుస్తడు,
వాడు ఎవలకూ రసీదు రాయడు.
బరువుకు గూడ కడ్త, మూడు బస్తాలకు.
మరి రెండు టన్నులు నడిచిన దారి
ఎవల ఖాతాల రాస్తున్నరు?

మొన్న వాన దంచింది.
గుంత ఏడుందో, రోడ్డు ఏడుందో
అంత ఒక్కటే నీళ్ళు.
కారు, అందాలు ఆటో, నా బండి
ఒకదానెనక ఒకటి ఆగినం.
కారు అద్దం దిగలేదు. అందాలు నా దిక్కు చూసింది.
స్టాండు ఏసి, చెప్పులు చేత పట్టుకొని
నేనే దిగిన.
మోకాలి కిందికే ఉన్నది.

చెయ్యూపిన, ఇద్దర్నీ రమ్మని.