దించే చెయ్యి

సుంకేసుల కాడ ఇరవై మూడేండ్లుగా లస్కరు పని నాది.
నీళ్లు ఇడిసే దినం పసుపు, కుంకుమ, టెంకాయ, ఫోటోలు.
ఆపే దినం
గ్రీజు చేతులు తుడుచుకుంటా నేనొక్కన్నే.

పాప ఉసేనమ్మకు మొదటిసారి బడిలో వొచ్చింది,
పదమూడో ఎక్కం చెప్తా చెప్తా.
సారు పరిగెత్తి చేతిలో బీగాలగుత్తి పెట్టినాడంట.
ఇనుము పట్టుకుంటే నిలబడుతుందని ఎవురు చెప్పినారో!
రెండోసారి నా ముందరే.
రెండువేల తొమ్మిదిలో తుంగభద్ర వొచ్చినట్ల:
కండ్లొక పక్కకు, చెయ్యొక పక్కకు,
ఏ గేటూ నా మాట ఇనలే.

కర్నూలు పెద్దాసుపత్రిలో
నస్రీన్ డాక్టరమ్మ చీటీ వెనక గీతలు గీసింది.
"మెదడు నిండా కాలవలే మద్దిలేటీ.
తరిమేవి చాలా ఉన్నాయి.
ఆపేది ఒకటుంది, గాబా అంటారు.
నీ బిడ్డకు అది చాలడం లేదు."

గాబా.
గాబరాలో 'రా' తీసేస్తే మిగిలేది.
రమ్మనడం దాని పని కాదు.

"ఎట్లాపుతాది మేడం, తలుపు మూసేనా?"
"కాదు, తెరిచి.
ఉప్పులో ఒక సగాన్ని కణం లోపలికి వదుల్తుంది,
అప్పుడది చల్లబడుతుంది."
నాకు తెలిసిపోయింది. ఆమెకే ఆశ్చర్యం.
కట్ట తెగేటట్టుంటే మేమూ అంతే గదా,
పక్క తూము ఎత్తి వాగులోకి ఇడుస్తాం.
ఊరు పండుకుంటాది.

ఇంకోటి చెప్పింది, అది ఇంటికొచ్చినా వొదల్లే:
తల్లి కడుపులో ఉన్నన్నాళ్లు
ఇదే గాబా ఆపదంట, ఉసిగొల్పుతాదంట.
పుట్టినాక, మెల్లగ
ఆపడం నేర్చుకుంటాదంట.
నేనూ అంతే. కొత్తలో
ఒక బీరుసీసాకు అర్ధరాత్రి గేటెత్తిన రోజులుండాయి.
చివరాయకట్టులో ఎవురి వరి ఎండిందో
అడగనూ లేదు.

ఇప్పుడు రాత్రి తొమ్మిదికి అర మాత్ర.
పాలల్లో కలిపితే కనిపెడతాది, బెల్లంలో పెట్టి ఇస్తాం.
నిద్రపోతాంటే
ఆ పిల్ల కణతల కింద
నా అట్లాటోడెవుడో డ్యూటీ ఎక్కినట్ల అనిపిస్తాది.
వాని చేతిలో బలం తక్కువ, మాత్ర రవ్వంత చెయ్యేస్తాది.
టెంకాయ కొట్టేటోడు వానికీ లేడు.

నిన్న సందకాడ మెట్లమీద కూచుని
పదమూడో ఎక్కం ఎత్తుకుంది.
పదమూడేళ్లు తొంభై ఒకటి కాడ
ఆగింది.
నా చెయ్యి బీగాలకు పోయింది.

ఊపిరి తీసుకోను ఆగిందంట.
ఎనిమిది నుంచి మళ్లీ మొదలు పెట్టింది.