తరుగు పోను

మడికొండ గుట్ట మీద రాత్రి రెండయింది.
కింద కాజీపేట దిక్కు గూడ్సు బండొకటి
ఎంతకూ ఒడువకుండ పోతాంది.
నా తెర మీద రెండు గడులు.
రెండిట్ల అవే వంద కంపెనీలు,
అవే చిప్పులు, అవే ఫోన్లు, వాన కురవని అవే మబ్బులు.
ఒకదానికి దడి కట్టిన్రు,
ఒకదానికి లేదు.

సస్కటూన్ అవతల గోధుమ ఏసే మనిషి అడిగిండు:
"కొనేది అమెరికా సరుకు, నా చేతిల కెనడా డాలరు.
నడుమ మారకం నన్ను ముంచదా?"
పొద్దుగాల ఆరింటికల్లా
నాలుగు పేజీలల్ల తూచి చెప్పాలె.

తూకం మా ఇంటి పనే.
చిన్నాయన సారంగపాణి ఎనుమాముల యార్డుల దడ్వాయి.
బస్తా కాంటా మీద పడ్డంక
ముల్లు నిలవడేదాక ఊపిరి ఇడిసెటోడు కాదు.
"ఊగుతుండంగ చదివితె
ఎవలిదో ఒకలది మనం తిన్నట్టే, బిడ్డా."

ఆయన చెప్పిందే ఇంకోటి.
చెన్నారావుపేట తండా గుగులోతు భిక్యా
తేజ మిర్చికి పూత మీదనే ధర కుదుర్చుకున్నడు.
కోసేనాటికి క్వింటాకు నాలుగు వేలు ఎగబాకింది.
యార్డంత అయ్యో అన్నది.
భిక్యా బీడీ ముట్టిచ్చి,
"నాలుగు నెలలు నిద్రపోయిన గద సారూ,
దాని కూలి అనుకో" అన్నడు.
మరుసటేడు ధర కుదుర్చుకోని ఆయన వియ్యంకుడు
బస్తాల మీదనే రెండు రాత్రులు కూసున్నడు,
కండ్లు మిర్చికి మండినయో, ధరకో.

గడులల్లకు మళ్లీ వస్త.
దడికి కూలి ఉంటది. నెలనెలా ముండ్లు మార్చాలె,
ఆ పైసలు ఫండు లోపల్నే తరుగు కింద పోతయి,
రశీదుల కనవడయి.
ఇంకో మాట, ఇదే అసలు మాట:
లోకం బెదిరిన్నాడు
అందరు అమెరికా డాలరు కిందికే ఉరుకుతరు.
కంపెనీలు కూలుతుంటె డాలరు లేస్తది, శానసార్లు.
దడి లేనోడు పడ్డకాడ ఇంత గడ్డి ఉంటది,
దడి కట్టినోనికి ఉత్త నేల.
దడికి ఏం తెలుసు,
మేకనూ ఆపుతది, ఇంటికచ్చే సుట్టాన్నీ ఆపుతది.

ఇరవై ఏండ్లు ఆగెటోనికి ఊపు ఊపు కొట్టుకపోవచ్చు.
రెండేండ్లల్ల బిడ్డ ఫీజు కట్టెటోనికి?
అందుకే మొదటి పేజీల మొదటి వాక్యం రాసిన:
"ఈ డబ్బు మీకు ఎన్నడు కావాలె?"
టీమ్ లీడరు మెహజబీన్ మేడం కొట్టేసింది.
"మనది పోలిక, సలహా కాదు."
భిక్యాను నేనే తీసేసిన, అడగకముందే.
గోధుమలాయన భిక్యాను ఎరుగడు.
నిద్రకు ఎంత పడుతదో ఏ గడిలనూ పట్టలే.

నా జీతం రూపాయలల్ల వస్తది.
కంపెనీ డాలర్లల్ల బిల్లు ఏస్తది.
నడుమ ఊగేదెంతో నాకెవ్వలు చెప్పలే,
నేనూ అడుగలే.

ఆరున్నరకు ఆటో ఎనుమాముల రోడ్డెక్కింది.
మిర్చి లారీలు వరుసల నిలవడ్డయి.
డ్రైవరు తుమ్మిండు, నేను తుమ్మిన,
ఎనుక బండి మీది పిలగాడు గూడ.
గేటుకాడ చిన్నాయన, మెడల తువ్వాల,
చేతిల చాయ్ గిలాస.
ఇప్పుడు కాంటాలకు ముల్లు లేదు, ఎర్ర అంకెలే.
బస్తా పడంగనే
అవి గూడ కొంచెంసేపు వణుకుతయి.