చూపుకి గడువు

ట్రెగారన్ అంబులెన్స్ స్టేషన్ మేడ మీద
టీ కెటిల్ పక్కన బల్ల వేసి
రిటైరైన పోస్ట్‌మాన్ ఎమ్రిస్‌ని చొక్కా విప్పి పడుకోబెట్టారు.
గంటకింతని ఇస్తామంటే వద్దన్నాడు,
బిస్కెట్లు మాత్రం మంచివి తెమ్మన్నాడు.

మెయినిర్ డాక్టరుకి నా కూతురి వయసుంటుంది.
"జెల్లు చల్లగా ఉంటుంది, తిట్టుకోకండి" అని ఆయనకి చెప్పి
నా చేతిలో ప్రోబు పెట్టింది.
గడ్డం గీసుకునే మిషనంత, అంతే బరువు.
రొమ్మెముక ముగిసి పొట్ట మెత్తబడే చోట ఆనించి
కొనని ఎడమ భుజం వైపు తిప్పాలట.
తిప్పాను.
వాన.
నవంబరులో మా కొండల మీద దిగే బూడిదరంగు వాన
ఫోను తెర నిండా.
"చేతిని ఇంకొంచెం వాల్చు. నొక్కకు, అడుగు."
అడగడమేమిటో అర్థం కాలేదు.
మణికట్టు తనంతట తనే వేలెడు వాలింది.
మంచులోంచి దొడ్డి తలుపు కనిపించినట్టు
కవాటం ఒకటి
తెరుచుకుంటూ, మూసుకుంటూ, తెరుచుకుంటూ.

పంతొమ్మిదేళ్లుగా ఈ బండిలో తిరుగుతున్నాను.
గుండెని వేళ్లతో విన్నాను,
కాగితం మీద గీతలుగా చదివాను.
గుండె జారినవాళ్లనీ, గుండె రాయి చేసుకున్నవాళ్లనీ
ఒకే బండిలో ఎక్కించుకుని తీసుకెళ్లాను.
దాని మొహం చూడడం ఇదే మొదలు.
ఎమ్రిస్ కూడా తల తిప్పి చూశాడు.
"నలభై ఏళ్లు ఉత్తరాలు మోసింది ఇదేనా?
ఇంకా లావుగా ఉంటుందనుకున్నా."

మధ్యాహ్నం రబ్బరు మనిషిని తెచ్చారు, స్టాప్‌వాచీ తెచ్చారు.
ఆగిన ఛాతీ మీద నొక్కుతున్న చేతులు
నాడి కోసం ఆగేది పది సెకన్లే.
ఆ పదిలోనే పెట్టాలి, పట్టాలి, తీయాలి.
అర్థం ఏమిటన్నది
చేతులు మళ్లీ నొక్కుతున్నప్పుడు వెతుక్కోవాలి.
మొదటిసారి నాకు పదిహేడు పట్టింది.
"ఆ ఏడు సెకన్లు ఎవరివి?" అంది మెయినిర్,
గట్టిగా కూడా అనలేదు.
రెండోసారి పద్నాలుగు. బాగా కనిపిస్తోంది, ఇంకొక్క క్షణం అంటుంటే
నా మణికట్టు పట్టుకుని ఎత్తేసింది.
చూడడం మూడు వారాల్లో వచ్చింది.
చాలనుకోవడం రాలేదు.

మార్చి. గొర్రెలు ఈనే రోజులు.
పైపొలం నుంచి ఫోను.
ఇద్వల్, అరవై రెండు, కొట్టంలో గడ్డిమోపుకి ఆనుకుని ఉన్నాడు.
పడుకుంటే ఊపిరాడదు. పెదవులు సీసం రంగు.
నీరు దించే సూది అప్పటికే నా చేతిలో ఉంది.
ప్రోబు ఆనించాను.

గుండె చుట్టూ నల్లగా నీరు.
అందులో అది, మోకుకి కట్టేసిన పడవలా,
అటూ ఇటూ ఊగుతోంది. కుడి గది నలిగిపోతోంది.
సూదిని పెట్టెలో పెట్టేశాను.

"ఎన్ని పిల్లలు?" అన్నాడు ఇద్వల్, మాటకో ఊపిరి తీసుకుంటూ.
ఏటా జనవరిలో ఒకతను ఇలాంటిదే పట్టుకొచ్చి
చూడి గొర్రెల్ని వరసగా నిలబెట్టి చూసి పోతాడు.
ఒక పిల్లయితే మచ్చ ఉండదు,
కవలలకి వీపు మీద నీలం చుక్క.
"ఒకటే" అన్నాను, "నీళ్లలో చిక్కుకుంది."
ఆయన భార్య నెస్ట్ చేతిలో నీలం డబ్బా అలాగే ఉంది.
వెనక ఒక గొర్రె ఎవరితోనూ పని లేకుండా ఈనుతోంది.

ఇదివరకైతే ఆసుపత్రికి చెప్పేవాణ్ణి:
ఆయాసం, బీపీ తక్కువ, ముప్పావుగంటలో వస్తాం.
ఆరోజు చూసింది చెప్పాను.
అవతల కాసేపు ఏమీ వినబడలేదు.
తర్వాత కుర్చీ జరిగిన చప్పుడు,
ఎవరినో ఇంటి నుంచి రమ్మని పిలుస్తున్న గొంతు.

ఆబరిస్ట్విత్‌లో తలుపులు తెరిచి ఉన్నాయి. ఆయన్ని తీసుకెళ్లారు.
తలుపులు మూసుకున్నాయి.
మాకు ఇంకో ఫోను వచ్చింది.

రాత్రి జెల్లు తుడుస్తుంటే ప్రోబు మీద నీలం వేలిముద్ర.
ఎవరిదో తెలీదు, పోలేదు.
ఫోనులో ఇద్వల్ గుండె
కొట్టుకుని, ఆగి, మళ్లీ మొదటి నుంచి కొట్టుకుంటోంది.
ఎంతసేపు తీశానా అని చూశాను.
ఎనిమిది సెకన్లు.
ఎవరూ నా చేయి ఎత్తేయలేదు.