తడి సవరణ

మాంటెవీడియోలో జులై అంటే చలి.
రేవు గాలి ఉన్ని గిడ్డంగి రేకుల్ని తడుముకుంటూ
రెండో అంతస్తు ఆఫీసు దాకా ఎక్కి వస్తుంది.
అక్కడ నెలీదా బల్ల మీద
మాతే బుర్ర, వేడినీళ్ళ ఫ్లాస్కు,
పంతొమ్మిదేళ్ళ స్ప్రెడ్‌షీటు ఒకటి.

అది తెరుచుకోవడానికి నాలుగు నిమిషాలు.
ఆలోపు ఆమె ఒక బుర్రెడు తాగుతుంది.
"ఇద్దరం కలిసే వేడెక్కుతాం" అంటుంది.

దాన్ని రాసినవాడు వాషింగ్టన్ ఒలివెరా.
ఊరు కాదు, మనిషే. ఈ దేశంలో అలా పెట్టుకుంటారు పేర్లు.
పోయి నాలుగేళ్ళయింది.
అతని మాక్రోలు మాత్రం
గురువారం సాయంత్రం లేచి
బేళ్ళన్నీ కూడి
ఏ కాపరికి ఎంతో తేల్చి
మళ్ళీ పడుకునేవి.
ఎలా అని ఎవరూ అడగలేదు.
నడిచే గడియారాన్ని ఎవరు విప్పుతారు?

ఈ ఏడు కొత్త వెర్షన్ వచ్చింది.
గడిలోనే పైథాన్ రాసుకోవచ్చట.
నన్ను పిలిచారు.
చదరంగంలో బంటు నిలబడేంత గడి,
అందులో ఒక భాష మొత్తాన్ని
మోకాళ్ళు ముడిచి కూర్చోబెట్టాలి.

ఇది సున్నా నుంచి లెక్కపెడుతుందని చెప్పాను.
"అయితే మొదటివాడు లేనట్టేనా, పిల్లోడా?"
ఉన్నాడు. సున్నా దగ్గరున్నాడు.
ఇందులో ఖాళీకీ అర్థముందని చెప్పాను.
నాలుగు ఖాళీలు వదిలి మొదలెడితే
ఆ మాట పై మాట చెప్పుచేతల్లో ఉన్నట్టు.
ఆమె ఫ్లాస్కు మూత బిగించింది.
"మా నాన్న కూడా అంతే.
మాటకి ముందు ఎంతసేపు ఆగాడో చూస్తే
కోపం ఎవరి మీదో తెలిసిపోయేది."

మూడు వారాలు పట్టింది.
తొమ్మిది వందల వరసలు నలభై అయ్యాయి.
గురువారం రెండింటినీ పక్కపక్కనే నడిపాను.
నాది రెప్పపాటులో ముగిసింది,
అప్పటికి పాతది ఇంకా ఆవులిస్తోంది.

మొత్తాలు కలవలేదు.
ఏడు కిలోల తేడా.

తప్పు నాదే అనుకున్నాను,
సున్నా దగ్గర ఎవరినో వదిలేసి ఉంటాను.
రాత్రి పదకొండు దాకా వెతికాను.
ఎవర్నీ వదల్లేదు.
తేడా అంతా పదమూడు పేర్లలోనే ఉంది.
అందరూ ఉత్తరాన, తకువారెంబో దాటాక,
రాతినేల మీద
వంద గొర్రెలైనా లేనివాళ్ళు.

పాత మాక్రోలో ఆరు వందల పన్నెండో వరస.
పైన ఒక చిన్న ముక్క: తడి సవరణ.
తడి ఎక్కడిది?
ఆ వారం చినుకన్నా రాలలేదు.
కింద ఇంతే ఉంది:
మంద వందలోపైతే
గ్రాములొదిలెయ్, పై కిలోకి జరుపు.

అంటే గురువారం గురువారం
తడి పేరు చెప్పి
పొడి చేత్తో వేసిన కొసరు.

నీకు తెలుసా అని నెలీదాని అడిగాను.
మాతే గొట్టం పెదాల మధ్యే ఉంచుకుంది.
ఎంతసేపు ఆగిందో లెక్కపెట్టాను.
నాలుగు ఖాళీలు.

కొత్త భాషతో చిక్కు ఇదే.
చదివితే అర్థమైపోతుంది.
మేనేజరుకైనా.
వాషింగ్టన్‌కి తొమ్మిది వందల వరసల అడవి ఉండేది దాచడానికి,
నా దగ్గర నలభై వరసల పెరడు.
తీసెయ్యనా? మళ్ళీ తడి అని రాయనా?

"తడి అనకు," అందామె. "యాపా అని రాయి."
కొట్టువాడు పొట్లం కట్టాక
పైన వేసే గుప్పెడుకి ఇక్కడి మాట అది.
రాయబోతుంటే నా చెయ్యి తోసేసి
కీబోర్డు తనవైపు లాక్కుంది.
రెండు వేళ్ళతో, ఒక్కో అక్షరమే.
ఖాళీలు మరిచింది. తప్పు చూపించింది.
గొణుక్కుంటూ నాలుగూ పెట్టింది.
పైన తన పూర్తి పేరు రాసింది,
తారీఖు వేసింది.

ఇప్పుడు మొత్తాలు కలుస్తున్నాయి.
ఆ గడి మూల మేనేజరు ఒక ప్రశ్నగుర్తు తగిలించాడు.
ఆమె చెరపలేదు, జవాబూ ఇవ్వలేదు.
షీటు నొక్కగానే తెరుచుకుంటోంది.
నెలీదా దాని ముందు కూర్చుని
నీళ్ళు కాగేదాకా
ఆగుతోంది.