పన్నెండు ఫ్రేములు

సోమాజిగూడలో మూడో అంతస్తు మాది.
లిఫ్టులో పట్టక
కొత్త మిషన్లు మెట్లెక్కి వచ్చాయి,
పెళ్లివారి బీరువాల్లా, నలుగురేసి మోస్తుంటే.
ఎడిట్ సూట్ రెండులో
జహంగీర్ భాయ్ మాత్రం కుర్చీలోంచి లేవలేదు.
ఆయన అరచేయి కింద జాగ్ చక్రం
ఇరవై రెండేళ్లుగా అరిగి
హకీం దుకాణంలో కల్వంలా నున్నగా.

నాకు పని నేర్పింది ఆ గదే.
టేపు ఐదు సెకన్లు వెనక్కి.
రెండు డెక్కులూ ఊపిరి బిగబట్టి
ఒకేసారి పరుగందుకునేవి.
నడుమ తప్పు దొరికిందా,
అక్కణ్ణుంచి చివరిదాకా మళ్లీ అల్లుకోవాలి.
సవరించిన కొద్దీ ముఖాలు మసకేసేవి.
అందుకే భాయ్ కోసే ముందు
ఒకసారి కళ్లు మూసుకునేవాడు.
మేం నిద్రనుకునేవాళ్లం.

టేపులు తక్కువ, వార్తలు ఎక్కువ.
పొద్దున చాదర్‌ఘాట్‌లో ఏడ్చినామె మీద
సాయంత్రం రవీంద్రభారతి సన్మానం రికార్డయ్యేది.
శాలువా కింద ఏడుపు.
నర్సింగ్ రిజిస్టర్లో ఒక పేరు కొట్టేసి
ఎర్ర సిరాతో ఇంకోటి రాసేవాడు,
గదిలో అద్దెకున్నవాళ్లు మారినట్టు.

నేర్పడానికి చెన్నై నుంచి శరవణన్ వచ్చాడు.
పాతికేళ్లుండవు. విభూతి, పెద్ద వాచీ, ఓపిక.
"టైమ్‌లైన్‌లో ఎక్కడైనా దూరొచ్చు సార్,
మిగతావి జరిగి చోటిస్తాయి."
సెవెన్ సీటర్ ఆటోలోలాగ, అన్నారెవరో.
అందరం నవ్వాం. భాయ్ నవ్వలేదు.
తప్పు చేస్తే?
కంట్రోల్ జెడ్.
ఇంకో తప్పు చేస్తే?
ముప్పై రెండు తప్పులదాకా గుర్తుంటాయి సార్.
"అన్ని మాఫీలా!" అని
భాయ్ చాయ్‌కి దిగిపోయాడు.

మొదటి వారం నరకం.
రెండరింగ్ గీత చీమలా పాకుతుంటే
తొమ్మిది గంటలు గుర్రమెక్కి వచ్చేవి.
ఒకరోజు వానలో కరెంటు పోయి
సేవ్ చెయ్యని బులెటిన్ మొత్తం పోయింది.
ఖాళీ తెర పక్కన కూర్చుని విజయశ్రీ
బొమ్మలున్నట్టే చదివింది.
ఆ రాత్రి భాయ్ ఏమీ అనలేదు.
అని ఉంటే బావుండేది.

తర్వాతెప్పుడో, పదకొండు దాటాక,
నైట్ షిఫ్ట్‌లో నేనొక్కదాన్నే.
మూసీ ఒడ్డున గోడ కూలింది.
తాపీ మేస్త్రి పోచయ్య. గోడ కింద అతని తమ్ముడు.
వార్తకు కావలసింది ఒక్క ముక్క:
"మొన్ననే చెప్పినం సార్, పగులొచ్చిందని."
నాలుగు సెకన్లు.
కోశాను.

"కోసింది ఏడికి పోయింది?"
తలుపు దగ్గర భాయ్.
ఎక్కడికీ పోలేదు భాయ్, లోపలే ఉంది,
ఇలా అంచు పట్టుకుని లాగితే...
మౌసు తీసుకున్నాడు, కోడిపిల్లను పట్టినట్టు.
లాగాడు.

పోచయ్య నోరు తెరవకముందటిది
బయటికొచ్చింది.
మైకు చూసి, చేతుల సిమెంటు
ప్యాంటుకి తుడుచుకున్నాడు.
చొక్కా పై గుండీ వెతుక్కుని పెట్టుకున్నాడు.
వేలు గుండీ మీదే ఉంచి
ఒక ఊపిరి పీల్చుకున్నాడు.

భాయ్ ఇంకా లాగాడు. ఇంకా.
క్లిప్పు మొదలైన చోట ఆగిపోయి,
"ఇది ఎన్ని రోజులుంటది?" అన్నాడు.
డిస్కు నిండేదాకా, అన్నాను.
ఆయన తల ఊపాడు.
ఎన్ని ముఖాల మీద
ఎన్ని శాలువాలు కప్పామో
ఆ గదిలో ఆయనకే లెక్క తెలుసు.

అంచును తిరిగి నెట్టాడు.
వార్త నిడివి వార్తదే కదా.
కానీ పూర్తిగా నెట్టలేదు.
పన్నెండు ఫ్రేములు వదిలాడు,
అర సెకనుకు కాస్త తక్కువ.
పొద్దున ఆరింటి బులెటిన్లో
గుండీ మీద వేలొకటి
కనిపించీ కనిపించక పోయింది.
ఎవరూ ఫోన్ చెయ్యలేదు.

శరవణన్ ఒక్కడే పట్టాడు.
"కట్ కొంచెం ముందు పడింది మేడం,
సరిచేసెయ్యనా? ఒక్క నొక్కు."

వద్దన్నాను.